ఒండ్రు రాసిన ఊరు: కోరంగి

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారు పోయాక ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం తలా కొంత వేసుకుని ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసుకున్నాం. పెట్టుకున్న షరతు ఒక్కటే. మాట్లాడేవాళ్ళు మన నేల గురించే మాట్లాడాలి. ఆ షరతు మాస్టారి మాటల్లోంచి వచ్చిందే. ఆయన మాకు సోషల్ చెప్పేవారు. పుస్తకంలో నైలు నది పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, మమ్మల్ని వరసగా ఏటిగట్టుకు నడిపించేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా శ్రావణంలో వరద వచ్చింది. ఎర్రనీళ్ళు గట్టు అంచుదాకా ఎక్కాయి. మాస్టారు ఒక ఖాళీ హార్లిక్స్ సీసాను ఆ నీళ్ళలో ముంచి, మూత బిగించి, తెచ్చి తరగతి కిటికీలో పెట్టారు. ఎవరూ కదపొద్దన్నారు. మర్నాడు పొద్దున చూస్తే నీళ్ళు తేరుకుని పైకి తేటగా ఉన్నాయి. అడుగున గోటి మందాన మెత్తటి మట్టి పేరుకుని ఉంది. "ఇది ఎక్కడిదిరా?" అని అడిగారు. ఏటిదన్నాం. "కాదు. ఇది నాసిక్‌ది, నాందేడ్‌ది, బస్తర్‌ది, భద్రాచలానిది. ఇన్ని ఊళ్ళ మట్టి కలిస్తే మన ఊరు" అన్నారు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ సీసా అడుగున ఉన్నదే.

నేను ఎంచుకున్న ఊరు కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటాక, తాళ్ళరేవు ఇంకా రాకముందు బస్సు ఆగే చిన్న ఊరు. చాలామందికి ఇప్పుడది మడ అడవి చూడటానికి వెళ్ళే చోటు. చెక్కల బాట మీద నడిచి, పడవ ఎక్కి, ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. ఒకప్పుడు ఈ పేరు రంగూన్ రేవులో, మారిషస్ చెరకు తోటల్లో, ఆస్ట్రేలియా తూర్పు సముద్రంలో వినపడేదంటే నమ్మడం కష్టం. నమ్మాలంటే ముందు ఈ నేల ఎలా ఏర్పడిందో తెలియాలి.

గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలుతుంది. పడమటి పాయ వశిష్ఠ అంతర్వేది వైపు వెళుతుంది. తూర్పు పాయ గౌతమి యానాం పక్కగా సముద్రంలోకి వెళుతుంది. యానాం సమీపంలో గౌతమి నుంచి ఒక చిన్న పాయ విడిపోయి ఉత్తరానికి తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి ఏరు. తక్కిన పాయలు ఎదురుగా సముద్రంలో పడితే ఈ ఏరు పక్కకు తిరిగి, సముద్రపు అలజడి తగలని చోట అఖాతంలోకి జారుతుంది. ఊరి అదృష్టమూ దురదృష్టమూ ఆ మలుపులోనే ఉన్నాయి. అలల తాకిడి లేదు కనుక ఓడ నిలవడానికి వీలు కుదిరింది. ఆ తాకిడి లేకపోవడం వల్లే ఏరు మోసుకొచ్చిన మట్టి ఎటూ కొట్టుకుపోక అక్కడే దిగింది.

మన పెద్దలు ఈ పాయలను ఏడుగా లెక్కపెట్టి ఏడుగురు ఋషుల పేర్లతో పిలిచారు. పుష్య బహుళ అమావాస్యనాడు, అంటే చొల్లంగి అమావాస్యనాడు, చొల్లంగిలో మునిగి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. ఒక్కో సంగమంలో స్నానం చేసుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరతారు. చొల్లంగి తుల్యభాగా సంగమం, కోరంగి ఆత్రేయ సంగమం. తుల్యభాగ ఇవాళ మురుగునీటి కాలువ. ఆత్రేయ సన్నబడ్డ ఏరు. అయినా యాత్ర మారలేదు. భక్తుల కాళ్ళు నడిచేది పాత గోదావరి గట్టు మీద. నది మరిచిపోయిన దారిని పంచాంగం గుర్తుపెట్టుకుంది. డెల్టా చరిత్ర రాసేవాళ్ళు యాత్రలను కూడా ఆధారాలుగా చూడాలని నేను అడిగేది ఇందుకే. ఊరి పేరు గురించి కూడా ఒక కథ ఉంది. బంగారు లేడి రూపంలో వచ్చిన మారీచుడు ఇక్కడ పడ్డాడనీ, కురంగం అన్న మాట నుంచే కోరంగి వచ్చిందనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. కోరంగేశ్వరస్వామి గుడిని ఆ కథతోనే ముడిపెడతారు.

పద్దెనిమిదో శతాబ్దానికి ఈ కొద్ది మైళ్ళలో మూడు దేశాల వర్తకులు దిగారు. యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇప్పుడు కాకినాడలో కలిసిపోయిన జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల కొఠీ. వాళ్ళందరూ వచ్చింది మన సాలెవాళ్ళు నేసిన సన్నబట్ట కోసం. బట్ట కొనడం ఒక ఎత్తు, దాన్ని ఓడకెత్తడం ఇంకో ఎత్తు. తూర్పు కోస్తా అంతా తెరపి సముద్రం. ఓడలు దూరాన లంగరేసి నిలబడితే పడవల్లో సరుకు చేరవెయ్యాలి. కలకత్తా నుంచి సింహళంలోని త్రింకోమలీ దాకా ఉన్న ఇంత పొడుగు తీరంలో, పెద్ద ఓడను లోపలికి తెచ్చి అడుగు బాగుచేసుకునే వీలున్న చోటు కోరంగి. ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన 1802లో ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. డాక్ కట్టించింది ఆయనే అయినా ఓడ కట్టిన చేతులు మాత్రం మనవే. తాళ్ళరేవు వడ్రంగులు కొయ్యను మంట మీద వేడిచేసి వంచి, పలకల సందుల్లో పీచు కుక్కి, కీలు పూసి సముద్రానికి పంపేవారు. ఆ పని తాళ్ళరేవులో మొన్నమొన్నటి దాకా నడిచింది. మాస్టారు మమ్మల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళారు. ఎముకల గూడులా నిలబెట్టిన ఓడ పక్కటెముకల మధ్య నిలబడితే కీలు వాసన, చెక్కపొట్టు వాసన కలిసి వచ్చేవి. కాగితం మీద నక్షా అంటూ లేదు. మేస్త్రీ ఒక కన్ను మూసి చూసి, "ఇటు అంగుళం" అనేవాడు. ఓడ ఆ మాట ప్రకారం లేచేది.

ఇక ఉప్పెన సంగతి. దానికి ఆ డాక్ కట్టకముందు కాలానికి వెనక్కి వెళ్ళాలి.

1789 డిసెంబరు. పోటు మీద ఉన్న సముద్రం, వాయవ్యం నుంచి విరుచుకుపడిన గాలి. అఖాతం మూలన నీళ్ళు గుట్టగా పోగయ్యాయి. ఒకదాని వెనక ఒకటి మూడు అలలు వచ్చాయి. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీళ్ళు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లాన్నంతా ముంచింది. మూడోది మిగిలినదాన్ని కప్పేసింది. ఇరవై వేలమంది పోయారని పాత రాతలు చెబుతాయి. ఏటి ముఖాన లంగరేసిన ఓడలు యానాం చుట్టూ ఉన్న పొలాల్లోకి కొట్టుకొచ్చి పడ్డాయి. ఆ రాతల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఆపిన మాట వేరే ఉంది. సముద్రం వెనక్కి పోతూ ఇసుకనూ బురదనూ గుట్టలుగా వదిలిపోయిందట. శవాలు వెతకడానికి కూడా వీల్లేకపోయిందట. పెద్ద ఓడలు రాకుండా ఏటి ముఖం మూసుకుపోయిందట. మనుషుల్ని నీళ్ళు ముంచితే రేవును మట్టి ముంచింది. నీళ్ళు ఒక్కరోజులో తీసిపోయాయి, మట్టి ఉండిపోయింది.

ఈ వర్ణన ఒక ఫ్రెంచి నావికుడిది. దాన్ని తన పుస్తకంలో ఎత్తి చూపినవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ చేసే న్యాయస్థానానికి అధ్యక్షుడాయన. బంగాళాఖాతంలో తిరిగిన ఓడల చిట్టాలను పోగుచేసి, పెనుగాలి చుట్టలు తిరుగుతూ నడుస్తుందని నావికులకు అర్థమయ్యేలా చెప్పడానికి 1848లో అచ్చైన ఆ పుస్తకంలో ఒక కొత్త మాట ప్రతిపాదించాడు. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి కల్పించిన ఆ మాటే సైక్లోన్. ఇవాళ ప్రపంచమంతా వాడే మాట వెనక ఉన్న అనుభవంలో మన కోరంగి శోకం కూడా ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పిడింగ్టన్ మాట గాలి గురించి, అది తిరిగే తీరు గురించి. అది ఓడ మీద నిలబడ్డవాడి మాట. ఓడవాడికి ప్రాణగండం గాలి. ఎటు తిరిగితే తప్పించుకోవచ్చో తెలియడమే అతనికి కావలసింది. తుపాను అన్నమాట మనకు పరాయి భాషల నుంచి వచ్చింది. మనం వాడేది ఇంకోటుంది, ఉప్పెన. అది గాలి పేరు కాదు. సముద్రం లేచి ఊళ్ళోకి రావడం పేరు. అది గట్టు మీద నిలబడ్డవాడి మాట. పిల్లల్ని చంకనేసుకుని తాడిచెట్టు వైపు పరుగెత్తినవాళ్ళ మాట. తుపానులో చనిపోయేవాళ్ళలో ఎక్కువమందిని చంపేది గాలి కాదు, దానితో వచ్చే నీరు. ఈ సంగతిని మనవాళ్ళు ఎవరి పాఠమూ వినకుండానే మాటలో దాచుకున్నారు.

1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. నలభై అడుగుల ఉప్పెన అనీ, మూడు లక్షలమంది పోయారనీ ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. చుట్టుపక్కల ఆనాడు అంత జనం ఎక్కడున్నారని ఆలోచిస్తే ఆ అంకె మీద నాకు నమ్మకం కుదరదు. ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం రాసుకుంటూ పోతే అంకెలు పెరుగుతాయి. పోయినవాళ్ళకు మనం చేసే మర్యాద లెక్క పెంచడం కాదు. ఒక్క పల్లె పోయినా పోయినట్టే. రెండో దెబ్బతో రేవుగా కోరంగి మళ్ళీ తలెత్తుకోలేకపోయిందన్నది మాత్రం నిజం.

అలా అని ఉప్పెనే కోరంగి రేవును చంపిందనుకుంటే సగమే చెప్పినట్టు. ఉప్పెన ఒక్కరాత్రిలో చేసిన పనిని గోదావరి ఏటేటా నెమ్మదిగా చేస్తూనే వచ్చింది. ఏరు మేట వేసింది. గౌతమి తెచ్చిన ఇసుకను తీరం వెంట ఉత్తరానికి నడిచే ప్రవాహం మోసుకెళ్ళి, అఖాతం ముందు పొడవాటి దిబ్బగా పరిచింది. అదే హోప్ ఐలాండ్. సుమారు 16 కిలోమీటర్ల ఆ ఇసుక తిన్నె వయసు రెండు వందల ఏళ్ళు. అది కాకినాడ రేవుకు అలల నుంచి అడ్డుగోడ అయింది. ఇటు 1847లో మొదలైన కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలువ వచ్చింది. పడవల్లో ధాన్యం, పత్తి నేరుగా అక్కడికే దిగాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైతే కాకినాడ ఎగుమతులు అమాంతం పెరిగాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి పెద్ద ఓడ కోరంగి వైపు తొంగిచూడటమే మానేసింది.

రేవు మూసుకుపోయినా పేరు ఆగలేదు. 1843లో 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్ తీసుకెళ్ళింది. అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. విశాఖవాడైనా కోరంగే, గంజాంవాడైనా కోరంగే. మారిషస్‌లో ఇవాళ ఉగాదిని వేడుకగా జరుపుకుంటున్న కుటుంబాల తాతముత్తాతలు ఆ పేరుతోనే బతికారు. అదే పేరు మోసిన ఓడ 1845లో ఆస్ట్రేలియా తూర్పున పగడాల సముద్రంలో దిబ్బకు తగిలి పగిలిపోయింది. అక్కడి చిన్న దీవులకు ఈనాటికీ కోరంగి దీవులనే పేరు. ఆ దీవుల్లో మనిషి అన్నవాడు కాపురం ఉండడు. ఉన్నవి సముద్రపు పిట్టలు, తాబేళ్ళు. మన ఊరి పేరు అక్కడ వాటి మధ్య ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా ఆ పేరు వినపడింది బర్మాలో. 1852 యుద్ధం తరవాత దిగువ బర్మా ఇంగ్లీషు పాలనలోకి వచ్చింది. వరి పండింది, మిల్లులు వెలిశాయి, రేవు పెరిగింది. మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది స్టీమరెక్కారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అన్నారు. "రంగం పోయాడు" అంటే ఇంట్లో ఒక పొయ్యి ఆరకుండా చూసుకోవడానికి వెళ్ళాడని అర్థం. రేవులో బస్తాలు మోసిందీ రిక్షా లాగిందీ మిల్లులో ఊకదుమ్ము పీల్చిందీ ఎక్కువగా తెలుగువాళ్ళే. బర్మావాళ్ళు వాళ్ళని పిలిచిన పేరు కోరంగీ. ఓడలు కట్టిన ఊరి పేరు అక్కడ కూలివాడి పేరైంది. కొందరి నోట తిట్టు కూడా అయింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని ఆపారు. యజమానులు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చారు. రాజీ కుదిరి పాతవాళ్ళను వెనక్కి తీసుకున్న రోజున అల్లర్లు లేచాయి. కొట్లాడుకున్నది ఇద్దరు పేదవాళ్ళు. వందకు పైగా తెలుగు ప్రాణాలు రేవు వీధుల్లో పోయాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక మిగిలినవాళ్ళలో చాలామంది అడవులగుండా కాలినడకన ఇటు వచ్చారు. మా తాతగారి అన్నయ్య వాళ్ళలో ఒకడు. ఆయన తెచ్చుకున్న టేకు పెట్టె మా ఇంట్లో ఉండేది. మూత తీస్తే కర్పూరం వాసన వచ్చేది. లోపల ఒక లుంగీ, తాళం లేని ఒక తాళంచెవి. ఆ తాళంచెవి ఏ గదిదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

మనుషులు ఇలా సముద్రాలు దాటుతుంటే వెనక ఊళ్ళో మట్టి తన పని చేస్తూనే ఉంది. రేవును పూడ్చిన ఆ ఒండ్రు మీదే మడ మొలిచింది. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. పాటు సమయంలో ఏటి పక్కకు వెళ్ళి వంగి చూడండి. తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలాడదు కనుక చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. పోటు వచ్చినప్పుడు ఆ వేళ్ళ సందుల్లో నీటి వేగం తగ్గి, నీళ్ళు మోసుకొచ్చిన మట్టి అక్కడే దిగుతుంది. మట్టి దిగితే ఇంకో మొక్క నిలుస్తుంది. తిల్ల కొమ్మ నరికేటప్పుడు పాలు కంట్లో పడకుండా మొహం పక్కకు తిప్పుకొమ్మని చిన్నప్పుడే చెప్పేవారు. రొయ్య పిల్ల, పీత, పండుగప్ప ఈ వేళ్ళ మధ్యే పెరిగి సముద్రంలోకి పోతాయి. వేటకు వెళ్ళే పడవ అసలు బయలుదేరేది ఈ అడవిలోంచే. 1978లో ప్రభుత్వం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మేర దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ ఉన్నాయి. చలికాలం వెళ్ళే రోజుల్లో హోప్ ఐలాండ్ ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

1996 నవంబరు 6 రాత్రి మీలో చాలామందికి గుర్తే. తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వేటకు వెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. ఈ గదిలో కూర్చున్నవాళ్ళలోనే ఆ రాత్రి అన్ననో కొడుకునో పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మీ ముందు నేను పాఠం చెప్పబోను. మీరు నాకు చెప్పినదే తిరిగి చెబుతున్నాను. అడవి దట్టంగా ఉన్న చోట దాని వెనక ఉన్న ఇళ్ళ మీద నీళ్ళ దెబ్బ తగ్గిందని మీరే చెప్పారు. మడ ఉప్పెనను ఆపేస్తుందని నేననను. ఆ రాత్రి లాంటి గాలిని ఏదీ ఆపదు. కానీ అల అడవిలోంచి నడిచి రావలసి వస్తే దాని జోరు తగ్గుతుంది. ఆ తగ్గిన జోరులోనే ఒక కుటుంబం మిద్దె ఎక్కగలుగుతుంది.

ఆ తుపాను వచ్చిన మరుసటి నెలలోనే, డిసెంబరులో, తీరం అంచున రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పటికే మన వైపు ఎన్నో మడ తోపులు చెరువులైపోయాయి. ఆ తరవాతి ఏళ్ళలో అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, మన ఊళ్ళ సంఘాలు కలిసి ఎండిపోయిన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్య కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. వాటిలోంచి పోటునీరు లోపలికి వెళ్ళి రావడం మొదలయ్యాక నాటిన మొక్కలు నిలబడ్డాయి. చేపముల్లు ఆకారం ఎవరికైనా గుర్తుంటుంది. నీళ్ళను లోపలికి రానిచ్చి బయటికి పోనిస్తే చాలు, మిగిలినది మట్టి, మడ చూసుకుంటాయి.

ఇంత చెప్పాక నా మాట ఒక్క వాక్యంలోకి వస్తుంది. కోరంగిని ముంచిన మట్టే ఇవాళ కోరంగిని కాస్తోంది. రేవు కోసం చూసినవాడికి అది పగ. పల్లె కోసం చూసేవాడికి అది కంచె. రెండు వందల ఏళ్ళు మనం మట్టి ఎక్కువైందని ఏడ్చాం. ఇప్పుడు కథ తిరగబడింది. ఎగువన గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగిన కొద్దీ డెల్టా అంచుకు చేరే ఒండ్రు తగ్గింది. జలాశయాల అడుగున దిగిన మట్టి ఇక మన దాకా రాదు. తీరం కొన్నిచోట్ల కోత పడుతోంది. ఉప్పాడలో వీధులు వీధులే సముద్రంలోకి పోవడం మనం కళ్ళారా చూశాం. మట్టి రావడం ఆగితే మడకు నిలవడానికి నేల ఉండదు. మడ లేకపోతే ఊరికి ముందు ఏమీ ఉండదు.

మూడు పనులు అడిగి ముగిస్తాను. మీ ఇళ్ళలో రంగం నుంచి వచ్చిన పెట్టె, ఉత్తరం, ఫొటో ఏదున్నా బయటికి తీయండి. బడిలో ఒక గది చూసి అక్కడ పెడదాం. తాతల్ని ఇప్పుడే అడగండి. నాలాగా తాళంచెవి చేతిలో పట్టుకుని మిగిలిపోకండి. రెండోది, మడ తోపు దగ్గర రొయ్యల చెరువు తవ్వుతామని ఎవరొచ్చినా ఊరంతా కలిసి కాదనండి. ఆ ఒక్కసారి వచ్చే కౌలు డబ్బు ఒక్క ఉప్పెన రాత్రికి చాలదు. మూడోది పిల్లలకు. ఏటా వరద తీసిన మర్నాడు ఏటి ముఖాన ఒకే చోట ఒక గెడ పాతి, మట్టి ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో కొలిచి ఒక నోటుపుస్తకంలో తారీకు వేసి రాయండి. కొలిచిన పిల్ల పేరు కూడా రాయండి. ఇరవై ఏళ్ళు రాస్తే అది మన ఊరి మీద ఎవరూ కాదనలేని చరిత్ర అవుతుంది. ఆ నోటుపుస్తకంలో మొదటి పేజీకి కావలసిన గెడ నేను తెచ్చాను, బయట వరండాలో ఉంది. ఇంచీల గుర్తులు మాస్టారి మనవరాలు పెట్టింది. సభ అయ్యాక, పాటు తియ్యగానే, అందరం ఏటి దాకా వెళదాం.